కాణిపాకంలో చెప్పాల్సిన మాట

నేను సిస్టర్ల మఠంలో చేరాలనుకుంటున్నానని ఇంట్లో చెప్పిన రోజు మా అమ్మ ఏడ్చింది, మా నాయన నవ్వాడు. నేను దానికి తలకిందులుగా జరుగుతుందనుకున్నాను. ఎందుకంటే మా ఇంట్లో చర్చికి పోయేది అమ్మ, కాణిపాకం గుడికి పోయేది నాయన. వాళ్ళిద్దరిదీ ప్రేమ పెళ్ళి. పిల్లలు అమ్మ దారిలో పెరగాలి, పండగలు మాత్రం రెండు వైపులవీ చెయ్యాలి అన్నది పెళ్ళినాటి ఒప్పందం. నాయన ఆ మాట ఒక్కనాడూ తప్పలేదు. ప్రతి ఆదివారం ఐరాల పక్కనున్న మా పల్లె నుంచి అమ్మనూ నన్నూ బండి మీద చిత్తూరు చర్చికి తీసుకుపోయి, పూజ అయ్యేదాకా బయట ఆ బండి మీదే కూర్చుని పేపరు చదివేవాడు. ఫాదర్ గారి ప్రసంగం పొడుగైన రోజు పెళ్ళి ప్రకటనలు కూడా వదిలేవాడు కాదు.

నవ్వడం అయ్యాక, "ఎవురు సెప్పినారు మే నీకి?" అన్నాడు.

"ఎవురూ చెప్పలేదు నాయనా."

"ఎవురో ఒకరు సెప్పకుండా ఇట్లాంటిది తలకాయలోకి యాడనుంచి వస్తాది?"

నిజానికి ఆ ప్రశ్నకు నా దగ్గరా సరైన జవాబు లేదు. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. తిరుపతిలో డిగ్రీ చదివేటప్పుడు సిస్టర్లు నడిపే హాస్టల్లో ఉన్నాను. సెలవు రోజుల్లో వాళ్ళతో పాటు మంచాన పడినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళేదాన్ని. వాళ్ళు దుప్పట్లు మార్చేవాళ్ళు, గోళ్ళు తీసేవాళ్ళు, నేను పక్కన కూర్చుని కబుర్లు చెప్పేదాన్ని. కబుర్లలో నన్ను మించినవాళ్ళు లేరు. చదువైపోయి చిత్తూరులో ఒక బడిలో సైన్సు చెబుతున్నా, ఆదివారం వచ్చేసరికి కాళ్ళు ఆ ఇళ్ళ వైపే లాగేవి. దీన్ని దైవపిలుపు అంటారని తర్వాత తెలిసింది. పిలుపు ఎట్లా వచ్చిందని ఇప్పటికీ అడుగుతుంటారు, ఏదో ఫోను మోగినట్టు. నాకు మోగలేదు. ఆకలి వేసినట్టు వేసింది, అంతే.

మఠంవాళ్ళ పద్ధతి ఏమిటంటే, చేరాలనుకునే పిల్ల ముందు ఐదు రోజులు వాళ్ళతో ఉండి చూడాలి. తర్వాత కూడా అదే మనసుంటే అర్జీ పెట్టుకోవాలి. దాని మీద అమ్మా నాన్నా ఇద్దరి సంతకాలూ ఉండాలి. మేజరైనా సరే, సంతకం లేనిదే గడప ఎక్కనివ్వరు. ఆ కాగితం నేను ముందే తెచ్చి పెట్టుకున్నాను. అమ్మ ముక్కు చీదుకుంటూనే సంతకం పెట్టింది. నాయన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఐదు దినాలు పో. సూసుకోని రా. వచ్చేటప్పుడు కాణిపాకం కాడ దిగుదాం. నన్నెవురూ మార్చలేదు, ఇది నాకు నేనుగా కోరుకున్నదే అని స్వామి ముందర ప్రమాణం సెయ్యి. ఆడనే సంతకం పెడతా."

మా వైపు వాళ్ళకు దీని బరువు చెప్పనక్కర్లేదు. పొలం గట్టు తగాదా అయినా, దొంగతనం నింద అయినా, మొగుడూ పెళ్ళాల అనుమానమైనా చివరికి తేలేది కాణిపాకంలోనే. అబద్ధపు ప్రమాణం చేసి ఆ గడప దాటినవాడు బాగుపడడని నమ్మకం. కోర్టులో గడగడా అబద్ధాలాడే మనిషి కూడా కాణిపాకం పేరెత్తితే రాజీకి వస్తాడు. క్రైస్తవ మఠంలో చేరడానికి వినాయకుడి ముందు ప్రమాణం చెయ్యమన్న తండ్రి ప్రపంచంలో మా నాయన ఒక్కడేనేమో!

"సరే నాయనా!" అన్నాను వెంటనే. అంత తొందరగా ఒప్పుకున్నందుకు ఆయన మొహం ఎందుకో చిన్నబోయింది. నాకప్పుడు పట్టలేదు. బట్టలు సర్దుకోవాలన్న సంబరంలో ఉన్నాను.

జూన్ నెల, మా మామిడి తోటలో కోతలు జరుగుతున్నాయి. అయినా పని వదిలి నాయనే బండి మీద బయలుదేరాడు. ఊరికే చేతులూపుకుంటూ పోకూడదని, ఊరగాయకు పనికొచ్చే పుల్లటి నాటుకాయలు ఒక గోనెసంచిలో నింపి ముందర పెట్టాడు. చంద్రగిరి కోట దాటేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. నేను మాత్రం వెనక కూర్చుని నోరు మూయలేదు. చిన్నప్పుడు తిరుపతి జూ చూడ్డానికి పోతున్నప్పుడు కూడా అంత ఉత్సాహంగా లేను.

మఠం తిరుపతికి ఇవతలే, రోడ్డు మీద నుంచి కొంచెం లోపలికి ఉంది. గేటు దగ్గర నాయన సంచి దింపి, "నేనీడనే ఉంటా" అన్నాడు, చర్చి బయట కూర్చోవడం అలవాటైన మనిషి కదా. ఇంతలో మదర్ గారే వచ్చారు. సన్నగా, పొడుగ్గా, తెల్ల చీరలో. కేరళ ఆవిడ, నలభై ఏళ్ళుగా మన వైపే ఉన్నా పుస్తకం చదివినట్టు తెలుగు మాట్లాడతారు.

"మా గేటు బయట ఎవరినీ కూర్చోనివ్వము. లోపలికి వచ్చి కాఫీ తాగండి" అన్నారు.

నాయన సోఫా అంచు మీద, ఎప్పుడైనా లేచి పారిపోయేటట్టు కూర్చున్నాడు. కాఫీ సగం తాగాక, ఎన్నాళ్ళ నుంచో మనసులో ఉన్న అనుమానం బయటపెట్టాడు.

"అమ్మా, ఆ ముసుగు లోపల గుండు కొడతారా?"

నేను సిగ్గుతో చచ్చిపోయాను. మదర్ గారు మాత్రం, "తిరుపతి పక్కన పుట్టి మీరు గుండుకు భయపడుతున్నారా?" అన్నారు. నాయన నవ్వాడు. ఆవిడ ముసుగు రవ్వంత వెనక్కి జరిపి నెరిసిన జుట్టు చూపించారు. ఆయన నమస్కారం పెట్టి, నా వైపు చూడకుండా బండి తీశాడు.

ఫోను ఇచ్చేశాను. ఇక ఆ ఐదు రోజులూ గంటే నాకు గడియారం. తెల్లవారకముందే గంట, ప్రార్థనకు గంట, పూజకు గంట, పనికి గంట. మా ఇంట్లో అమ్మ నాలుగుసార్లు అరిస్తే గానీ లేవని నేను, మొదటి గంటకే దిగ్గున లేచి చీర కట్టుకుని తయారయ్యాను. ఎందుకో తెలియదు, ఏ గదిలోకి అడుగు పెట్టినా ఒళ్ళంతా పులకరించేది. మఠమంటే ఎప్పుడూ మొహం వేలాడేసుకుని తిరుగుతారనుకున్నాను. సాయంత్రం ఒక గంట అందరూ కలిసి గడిపే సమయం ఉంటుంది, అప్పుడు చూడాలి వాళ్ళ అల్లరి! క్యారమ్స్ బోర్డు దగ్గర మదర్ గారు తొండి చేస్తే పదహారు మంది సిస్టర్లు ఇల్లెగిరిపోయేటట్టు కేకలు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, నేను సరైన చోటికే వచ్చానని అక్కడికక్కడే తీర్మానించుకున్నాను.

కష్టమైందల్లా భోజనమే. మధ్యాహ్నం అన్నం దగ్గర ఎవరూ మాట్లాడరు. ఒక సిస్టర్ ఏదో పుస్తకం చదువుతుంటే మిగతావాళ్ళు వింటూ తింటారు. ఉప్పు కావాలన్నా, నీళ్ళు కావాలన్నా నోరు తెరిచి అడగకూడదు. మరి ఎట్లా అంటే, పక్కనున్నవాళ్ళు చూసి అందించాలి. నీ కంచం సంగతి నువ్వు కాదు, నీ పక్కమనిషి చూసుకుంటుంది. పక్కమనిషి కంచం సంగతి నువ్వు చూసుకోవాలి. వాళ్ళ పద్ధతుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. నా కుడి పక్కన అందరికంటే పెద్ద సిస్టర్ కూర్చునేవారు. ఎనభై దాటి ఉంటాయి. నేను ఆమెకు మజ్జిగ అందించేదాన్ని, ఉప్పు జరిపేదాన్ని, గ్లాసు ఖాళీ కాకముందే నీళ్ళు పోసేదాన్ని. ఆమె తల ఊపేవారు. ఆహా, ఎంత బాగా చూసుకుంటున్నానో అని నాకు నేనే మెచ్చుకునేదాన్ని.

మూడో రోజు మదర్ గారు పిలిచారు.

"ఎలా ఉంది?"

నేను మొదలుపెట్టాను. ప్రార్థన గది బాగుంది, పాటలు బాగున్నాయి, తోట బాగుంది, సిస్టర్లు బంగారం. ఆవిడ ఓపిగ్గా అంతా విని, "ఈ ఇల్లు నీకు బాగా నచ్చింది. రేపు నిన్ను ఈ తోట లేని, ఈ మనుషులు లేని చోటికి పంపిస్తాము. అప్పుడు ఏం చెబుతావు?" అన్నారు.

కాణిపాకం సంగతి అప్పుడు చెప్పాను, దాచడం ఎందుకని. నవ్వుతారనుకున్నాను, కోప్పడతారేమోనని కూడా అనుకున్నాను. ఆవిడ రెండూ చెయ్యలేదు.

"నేను ఇల్లు వదిలినప్పుడు నన్ను ఎవరూ అడగలేదు. మా ఇంట్లో అందరికీ సంతోషమే. మీ నాన్నగారు అడిగినదే నేను నిన్ను అడగవలసింది. అక్కడికి వెళ్ళాలా వద్దా అనేది నేను చెప్పను. నీ మనస్సాక్షికి తెలుస్తుంది. కానీ ఎక్కడ నిలబడి చెప్పినా, అది నిజమై ఉండాలి."

ఆ గదిలోంచి బయటికి వచ్చేసరికి నా సంబరం సగానికి దిగింది. నాకు నేనుగా కోరుకున్నది అంటే ఏమిటి? క్యారమ్స్ బోర్డునా? బడిలో పిల్లల పేపర్లు దిద్దలేక వస్తున్నానా? మొదటిసారి ఆ ప్రమాణానికి భయం వేసింది. నాయన ఎంత తెలివిగా అడిగాడో అప్పుడు అర్థమైంది.

నాలుగో రోజు నన్ను వంటింటి పనికి వేశారు. వంటింటి సిస్టర్ది వేలూరు వైపు. గట్టి మనిషి, గొంతు అంతకంటే గట్టిది. ఆ రోజు ఆమె మందుల కోసం తిరుపతికి పోతూ, "మామిడికాయలు కడిగి, తుడిచి, ఆరబెట్టు. నేను వచ్చినాక సూద్దాం" అని నాకు చెప్పి వెళ్ళింది. అవి మా తోట కాయలు! మామిడికాయ దగ్గర ఎవరి మాటో వినే వంశం కాదు మాది. ఆమె వచ్చేలోపల ఊరగాయ ముక్కలు కొట్టి పెట్టేస్తే ఎంత సంతోషిస్తుందో అనుకున్నాను. కత్తిపీట వేసుకుని, సంచెడు కాయలూ మా ఇంట్లో కొట్టినట్టే టెంకతో సహా పెద్ద పెద్ద ముక్కలు కొట్టాను. ఉప్పూ పసుపూ కూడా కలిపేశాను. టెంక లేని ముక్క ఊరగాయే కాదని నాయన వాళ్ళమ్మ, మా జేజి, అనేది.

వంటింటి సిస్టర్ వచ్చి ఆ గంగాళం చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఎవురమ్మా నిన్ను కొట్టమనింది?"

"మీకు పని తగ్గుతుందని సిస్టర్..."

"పని తగ్గిచ్చినావా? ఈడ సగం మందికి పండ్లు లేవు. నీ పక్కన కూర్చుండే పెద్ద సిస్టరమ్మకు ఒక్క పన్ను లేదు. ఈ టెంకలు ఎవురు నములుతారు? మూడు దినాలుగా ఆమె పక్కనే కూర్చోని తింటా ఉండావే, సూడలేదా?"

చూడలేదు. అదీ అసలు సంగతి. ఉప్పు చూశాను, మజ్జిగ చూశాను, గ్లాసు చూశాను. ఆమె అన్నాన్ని మెత్తగా పిసికి పిసికి చప్పరిస్తున్నారన్నది మాత్రం నా కళ్ళకు ఆనలేదు. నేను చూసుకున్నదంతా నా మంచితనాన్నే.

"ఇప్పుడు కూర్చోని టెంకలన్నీ తీసి, ముక్కలు సన్నంగా తరుగు. అడిగి సేసుంటే ఈ పాటు ఉండదు కదా."

నాకు కోపం తొందరగా వస్తుంది. మామిడికాయల విషయంలో నన్ను అనడమా, అదీ మా కాయల దగ్గర! పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. ఆ మధ్యాహ్నం కరెంటు లేదు. రేకుల కింద వంటిల్లు, పైన ఎండ. ఉప్పు పట్టిన ముక్కల నుంచి ఒక్కొక్క టెంకనే కత్తితో ఒలుస్తుంటే వేళ్ళు తెగాయి, తెగిన చోటల్లా ఉప్పు మండింది. అటువైపు అందరూ నడుం వాల్చారు. మాట్లాడ్డానికి మనిషి లేదు. ఏడుపు, చెమట, పసుపు అన్నీ కలిపి మొహం నిండా పూసుకున్నాను. ఆ వంటింటి సిస్టర్ని మనసులో ఎన్ని తిట్టానో ఇప్పుడు రాయకూడదు.

సగం గంగాళం అయ్యాక, తిట్లు కూడా అయిపోయాక, ఒక విషయం తట్టింది. ఇంత కోపంలో, ఇంత మంటలో కూడా ఇంటికి పోదామని ఒక్కసారీ అనిపించలేదు. సంచి సర్దుకుందామని గానీ, నాయనకు ఫోను చేద్దామని గానీ ఆలోచనే రాలేదు. నేను తిడుతున్నది కూడా ఇంట్లో మనిషిని తిట్టినట్టే తిడుతున్నాను. సాయంత్రానికి ఈ ముక్కలు పెద్ద సిస్టర్ చప్పరించగలిగేంత సన్నగా కావాలి, అదొక్కటే నా ఆత్రం. కత్తి పక్కన పెట్టి పిచ్చిదానిలా నవ్వుకున్నాను. పాటలూ తోటా క్యారమ్సూ ఏవీ లేని ఆ గంటలో కూడా నాకు ఇక్కడే ఉండాలని ఉంది! లేచి గంతులు వెయ్యాలనిపించింది. వంటింటి సిస్టర్ నిద్రలేచి వచ్చి చూస్తే, ఉప్పు చేతులతో పాట పాడుకుంటూ తరుగుతున్నాను.

"ఎండ తగిలిందా నీకి?" అని, ఇంకో కత్తి తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది.

ఐదో రోజు పొద్దున నాయన గేటు దగ్గర ఆగలేదు. నేరుగా లోపలికి వచ్చి, కాఫీ ఇవ్వకముందే సోఫాలో నిండుగా కూర్చున్నాడు. మదర్ గారు అర్జీ గురించి ఒక్క మాటా ఎత్తలేదు. దారిలో ఈసారి నేను మాట్లాడలేదు. కాణిపాకం మలుపు దగ్గర బండి నెమ్మదించినప్పుడు, "నా మాట నీకు చాలదా నాయనా?" అన్నాను.

"నీ మాట సాలు పాపా. నా మనసే సాలదంటా ఉండాది" అని మలుపు తిప్పాడు.

నేను లోపల ఎట్లా నిలబడాలో అప్పటికే అనుకున్నాను. నాయన నమ్మే చోట, నాయనకే చెబుతాను. బయట కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళాం. రద్దీగా ఉంది. నాయన దండం పెట్టి, కళ్ళకద్దుకుని, పక్కకు జరిగి నిలబడ్డాడు. నేను ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను. మొహంలోకి చూసి చెప్పాను.

"నాయనా, నన్నెవురూ మార్చలేదు. అమ్మ చెప్పలేదు, ఫాదర్ చెప్పలేదు, సిస్టర్లు చెప్పలేదు. నిన్న నన్ను బాగా తిట్టినారు కూడా. అయినా నాకు ఆడనే ఉండాలని ఉండాది. ఇది నేను కోరుకున్నదే. ఇందులో అబద్ధం లేదు."

ఒక్క తడబాటు లేకుండా వచ్చింది. గుండె నిండి పొంగిపోతోంది. నాయన స్వామి వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఏదో జరుగుతుందని ఎదురుచూసినట్టు కాసేపు అట్లాగే నిలబడ్డాడు.

బయట మెట్టు మీద కూర్చుని, జేబులోంచి కాగితం తీసి, మడతలు సరిచేసి, మోకాలి మీద పెట్టి సంతకం చేశాడు. నేను సంతోషంతో ఆయన భుజం పట్టి ఊపేశాను. కాగితం ఇవ్వబోయి, ఆగాడు.

"నువ్వు ప్రమాణం సెయ్యలేవనుకున్నా మే" అన్నాడు. "ఈ గడపకాడికి వస్తే భయపడతావు, నిజం బయటికి వస్తాది, ఇంటికి తోడుకోని పోదామనుకున్నా. ఆ ధైర్నంతోనే నిన్ను ఆడ దింపొచ్చినా."

అప్పుడు గానీ నాకు తెలియలేదు. నేను వెంటనే ఒప్పుకున్న రోజు ఆయన మొహం ఎందుకు చిన్నబోయిందో, ఐదు రోజులూ ఏ ఆశతో కాయలు కోయించాడో. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పైకండువాతో తుడుచుకుని, కాగితం నా చేతిలో పెట్టి, అరచెయ్యి చాపాడు.

"ఇంగొక ప్రమాణం సెయ్యల్ల. ఇది స్వామికి గాదు, నాకి. ఆడ నీకు బాగలేకుంటే, అది నెలకే గానీ, పదేండ్లకే గానీ, ఊర్లో నగుతారనో, మీ అమ్మ ఏడుస్తాదనో, నాయనకాడ ప్రమాణం సేసినానే అనో ఆడనే కుములుకుంటా ఉండిపోగూడదు. గమ్మున వచ్చేయల్ల. నా చేతిలో చెయ్యేసి సెప్పు."

లోపల గడగడా చెప్పినదాన్ని, ఈ ఒక్క మాట దగ్గర ఏడ్చేశాను. పోతానని చెప్పడానికి ఎన్ని రోజులు సాధన చేశానో. తిరిగి వస్తానని చెప్పడం మాత్రం నేర్చుకోలేదు. ఎంత ఆపుకున్నా ఏడుపు ఆగలేదు. మెట్లు దిగేవాళ్ళు మమ్మల్ని చూసి, ఏ తగాదా తెగలేదో పాపం అనుకుని పక్కనుంచి పోతున్నారు. నాయన చాపిన చెయ్యి చాపినట్టే ఉంచాడు.

"సెప్పు మే. ఆడ కోతల వాళ్ళు కాచుకోనుండారు."

టెంకలు ఒలిచి తెగిన నా వేళ్ళు ఆయన అరచేతిలో పెట్టాను.

"వచ్చేస్తా నాయనా" అన్నాను. ఆ మాట అన్నాకే, వెళ్ళడానికి నాకు నిజంగా ధైర్యం వచ్చింది.